వారానికి 20 గంటలు: పరదేశంలో సేవ, ఇంటి మీద అప్పు

ప్రొద్దుటూరులో జుమా నమాజు ముగిసి జనం మస్జిదు మెట్లు దిగుతున్న వేళ పాత పరిచయస్థుడొకరు నన్ను పక్కకు పిలిచారు. బట్టల వ్యాపారం చేసుకునే మనిషి. "భాయ్, నీతో ఒక మాట మాట్లాడాల. మౌల్వీ సాబ్‌ను అడగాలంటే మొగమాటంగా ఉండాది" అన్నారు. వీధి మలుపు దాకా నడిచాక గానీ అసలు సంగతికి రాలేదు.

ఆయన కూతురు ఇంగ్లాండులో ఎం.ఎస్‌సి. చదువుతోంది. చదువుకుంటూనే ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నానని ఇంట్లో చెప్పింది. తీరా చూస్తే అది ఆస్పత్రి కాదు, వృద్ధులను ఉంచి చూసుకునే కేర్ హోం. ఈ సంగతి జమ్మలమడుగులో జరిగిన ఒక నికాహ్‌లో, దస్తర్‌ఖాన్ దగ్గర, బంధువొకాయన బయటపెట్టాడు. "మీ పాప ముసలోళ్ల మలమూత్రాలు ఎత్తతాందంట కదా, దీనికేనా అన్ని లక్షలు పోసి పంపించింది?" అని నలుగురిలో అనేశాడు. ఆ రోజు ఆ తండ్రికి బిర్యానీ ముద్ద గొంతు దిగలేదు.

"అది ఒకటి. ఇంకోటి ఉండాది భాయ్" అన్నారాయన. "వారానికి 20 గంటలే పని చేయాలని వీసా మీద రాసినారంట. హోంలో మనుషులు చాలక ఇంకో షిఫ్టు చేయమని అడగతాండారంట. లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బులిచ్చేవాళ్లు కూడా ఉండారంట. చేస్తే అప్పు తొందరగా తీరతాది. చేయమని చెప్పేదా, వద్దని చెప్పేదా?"

ఈ రెండు ప్రశ్నలూ ఆయన ఒక్కరివి కావు. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో చదువు వీసా మీద బిడ్డలను పంపిన ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. అందుకే ఆ కుటుంబం అనుమతితో, పేర్లు లేకుండా, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ పని ఎలాంటిది?

నర్సింగ్ అసిస్టెంట్, హెల్త్ కేర్ అసిస్టెంట్, కేరర్ అని ఒక్కో దేశంలో ఒక్కో పేరు. నర్సు వేరు, నర్సింగ్ సహాయకురాలు వేరు. ఇంజక్షన్లు ఇవ్వడం, చికిత్స చూసుకోవడం నర్సు పని. మంచం మీది మనిషిని లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకుపోవడం, ఎంత తిన్నారు, ఎన్ని నీళ్లు తాగారు అని కాగితం మీద రాసిపెట్టడం సహాయకురాలి పని. కదలలేని మనిషిని కొన్ని గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే పడక పుండ్లు పడతాయి. బరువైన మనిషిని ఎత్తడానికి హాయిస్ట్ అనే యంత్రం ఉంటుంది. దాన్ని సాధారణంగా ఇద్దరు కలిసి నడపాలి. మతిమరుపు జబ్బు ముదిరిన వృద్ధులు ఒక్కోసారి తిడతారు, కొడతారు, మరుక్షణం చేయి పట్టుకుని ఏడుస్తారు. ఓర్పు లేనివాళ్లు పట్టుమని పది రోజులు కూడా నిలబడలేరు.

ఈ పనిలో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. మన ఇళ్లలో మంచాన పడిన దాదీకి, నానీకి ఈ పని చేస్తున్నదెవరు? కోడలో, కూతురో. జీతం లేకుండా ఇంట్లో చేస్తే అది ఖిద్మత్. అదే చేతులు జీతం తీసుకుని చేస్తే పరువు తక్కువ! ఇదేమి లెక్క?

మరొక సంగతి. ఆ అమ్మాయి తల్లిది జమ్మలమడుగు. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లు కువైట్‌లో ఖాదిం వీసా మీద పని చేసింది. అక్కడ ఒక అరబ్బు ముసలావిడను స్నానాల నుంచి మందుల దాకా ఆమే చూసుకుంది. ఆ డబ్బుతోనే ఇల్లు లేచింది, బట్టల అంగడి పెట్టారు, కూతురు డిగ్రీ దాకా చదివింది. కువైట్ నుంచి డబ్బు వచ్చినన్నాళ్లు బంధువుల్లో ఎవరూ ఆ పని పేరు ఎత్తలేదు. నికాహ్‌లో నోరు జారిన ఆ బంధువు కూడా ఆమె దగ్గర చేబదులు తీసుకున్నవాడేనట.

మన చరిత్రలోకి కాస్త తొంగిచూద్దాం. మదీనాలో అస్లమ్ తెగకు చెందిన రుఫైదా (రజి) అనే మహిళ ఉండేవారు. ఇస్లామీ చరిత్రలో తొలి నర్సుగా ఆమెను చెప్పుకుంటారు. క్రీ.శ. 627లో కందకం యుద్ధంలో బాణం తగిలి గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను మస్జిదె నబవీలో వేసిన గుడారంలో ఉంచి చికిత్స చేయించారు. ఆ గుడారం రుఫైదా (రజి)దే. గాయాలు కడిగి కట్లు కట్టే ఆ మహిళ గుడారానికి దైవప్రవక్త (స) తన మస్జిదులోనే చోటిచ్చారంటే, ఆ పనికి ఎంత గౌరవం ఇచ్చారో ఆలోచించండి.

కాబట్టి ఆ తండ్రి మొదటి ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు మాత్రం ఇద్దరం ఆయన అంగడిలో కూర్చుని, బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేయాల్సి వచ్చింది.

బిల్లు పుస్తకం వెనక లెక్క

బ్రిటన్‌లో డిగ్రీ గానీ అంతకన్నా పై చదువు గానీ చదివే విదేశీ విద్యార్థి, చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. వారమంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఈ వారం 10 గంటలే చేశాను కాబట్టి వచ్చే వారం 30 చేస్తానంటే కుదరదు. రెండు చోట్ల పని చేసినా రెండూ కలిపి 20 దాటకూడదు. సొంతంగా వ్యాపారం పెట్టుకోవడానికి, స్వయం ఉపాధి పేరుతో పని చేయడానికి అసలే వీల్లేదు. ఇదంతా చాలామందికి తెలిసిందే. తెలియని చిక్కు ఒకటుంది. కేర్ హోంలలో ఒక షిఫ్టు తరచుగా 12 గంటలు ఉంటుంది. రెండు షిఫ్టులు చేస్తే 24. అంటే వారానికి రెండే రోజులు పనికి పోయిన అమ్మాయి కూడా తెలియకుండానే నిబంధన దాటిపోతుంది! ఒకటి 12 గంటలది, ఇంకొకటి 8 గంటలది అడిగి తీసుకోవాలి. అలా ఇవ్వని చోట ఒక్క షిఫ్టుతో సరిపెట్టుకోవాలి.

సెలవుల్లో ఎన్ని గంటలైనా చేయవచ్చు కదా అని ఏజెంట్లు చెబుతారు. నిజమే. కానీ ఎం.ఎస్‌సి. విద్యార్థికి ఎండాకాలం సెలవులు ఉండవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పరిశోధన వ్యాసం రాసే కాలం. యూనివర్సిటీ దాన్ని చదువు కాలంగానే లెక్కిస్తుంది. డిగ్రీ విద్యార్థికి వేసవి ఖాళీ, ఎం.ఎస్‌సి. విద్యార్థికి కాదు. మన పిల్లలు ఎక్కువగా పోయేది ఎం.ఎస్‌సి.కే.

ఇక సంపాదన చూద్దాం. బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవారికి చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనం 2025 ఏప్రిల్‌లో గంటకు 12.21 పౌండ్లు. 2026 ఏప్రిల్ నుంచి 12.71 పౌండ్లు. కేర్ హోంలలో సహాయకులకు చాలా చోట్ల దీనికి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. 20 గంటలకు 254 పౌండ్లు. నెలకు దాదాపు 1,100 పౌండ్లు. తండ్రి వెంటనే దాన్ని రూపాయల్లోకి మార్చారు. లక్ష దాటిన అంకె చూడగానే ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. ఇక్కడే మనమంతా పొరబడేది! రాబడిని రూపాయల్లో లెక్కపెడతాం, ఖర్చేమో అక్కడ పౌండ్లలో జరుగుతుంది.

ఖర్చు ఎంత అవుతుందో బ్రిటన్ ప్రభుత్వమే చెబుతోంది. లండన్ బయట చదివే విద్యార్థి తిండికి, అద్దెకు నెలకు 1,171 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల సొమ్ము చూపించాలని 2025 నవంబరు నుంచి నిబంధన ఉంది. లండన్‌లో అయితే 1,529 పౌండ్లు. ఇప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. నిబంధన ప్రకారం చేయగలిగినంత పనీ చేస్తే వచ్చేది 1,100. బతకడానికి కావాలని ప్రభుత్వం చెప్పేది 1,171. ఫీజు, ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య రుసుము, విమాన టికెట్టు దీనికి బయట.

పొదుపుగా నలుగురు అమ్మాయిలు ఒక ఇల్లు తీసుకుని వండుకుని తింటే ఖర్చు తగ్గుతుంది, కాదనను. ఎంత తగ్గినా, 20 గంటల పని బిడ్డ కడుపు నింపుతుందే గానీ ప్రొద్దుటూరులో కుదువ పెట్టిన నగలు విడిపించదు. వడ్డీకి తెచ్చిన డబ్బయితే, ఆ పాపం సంగతి అటుంచి, నెల నెలా పెరిగేది కూడా అదే.

కాగితం మీద అంకెలు చూసి తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే, అప్పు తీరాలంటే గంటలు దాటాల్సిందే అన్నమాట" అన్నారు. ఏజెంటు నోటితో చెప్పకుండా ఆశ పెట్టిందీ ఇదే.

గంటలు దాటితే ఏమవుతుంది? జీతం వివరాలు ప్రతిసారీ అక్కడి పన్నుల శాఖకు చేరతాయి. ఆ శాఖ నుంచి హోం ఆఫీసు వివరాలు తీసుకునే ఏర్పాటు ఉంది. పట్టుబడితే వీసా రద్దు కావచ్చు, చదువు మధ్యలో తిప్పి పంపవచ్చు. తర్వాత ఏ వీసాకు దరఖాస్తు పెట్టుకున్నా పాత కథ అడ్డం వస్తుంది. అనుమతి లేని పని చేయించుకున్న యజమానికి 2024 ఫిబ్రవరి నుంచి మొదటి తప్పుకే మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది. అందుకే పేరున్న హోంలు ఆ జోలికి రావు. చేతికి డబ్బిస్తామనేవాడు మాత్రం రేపు జీతం ఎగ్గొట్టినా అమ్మాయి ఎవరికీ ఫిర్యాదు చేయలేదని తెలిసే పిలుస్తాడు.

కువైట్ ఎరిగిన మన ఇళ్లలో దీనికి ఒక మాట ఉంది: కల్లివెల్లి. కఫీల్ ఇంటి నుంచి బయటపడి, అకామా లేకుండా వేరే చోట పని చేసుకునేవాళ్లను కల్లివెల్లి అయ్యారంటారు. మొదట్లో నాలుగు దీనార్లు ఎక్కువే వస్తాయి. తర్వాత జబ్బు చేస్తే ఆస్పత్రికి పోలేరు, తల్లి చనిపోయినా ఇంటికి రాలేరు. 2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మన జిల్లా ఇళ్లలో ఎంతమంది ఆ కబురు కోసం ఎదురుచూశారో పెద్దలకు తెలుసు. చదువు వీసా మీద గంటలు దాటిన పిల్ల కూడా ఆ దారిలోనే అడుగు పెట్టినట్టు. పాస్‌పోర్టు చేతిలో ఉంటుంది, ఇంగ్లీషు వస్తుంది, అంతే తేడా.

ఫత్వా చెప్పడానికి నేను ముఫ్తీని కాను. అది ఉలమాలనే అడగాలి. నాకు తెలిసింది మాత్రం ఆ తండ్రికి చెప్పాను. వీసా కోసం షరతులు ఒప్పుకుని దరఖాస్తు మీద సంతకం పెట్టాం. అది ఒప్పందం. అవతలివాడు ఎవరైనా సరే, చేసుకున్న ఒప్పందాన్ని నిలబెట్టుకోవాలని మన పిల్లలకు మదరసాలో మొదటి ఏడాదే నేర్పిస్తాం.

మిగతా దేశాల సంగతి

పులివెందులలో ఆయన బావమరిది కొడుకు కెనడా పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. అక్కడైతే మేలేమో అని అడిగారు. కెనడాలో 2024 నవంబరు నుంచి చదువు రోజుల్లో కళాశాల బయట వారానికి 24 గంటలు చేయవచ్చు. అయితే అక్కడ ఆరోగ్య సేవల్లో పని చేయాలంటే నిర్ణయించిన వైద్యుల దగ్గర పరీక్ష చేయించుకుని ఉండాలి. లేకపోతే, ఆరోగ్య రంగంలో పని చేయరాదని స్టడీ పర్మిట్ మీదే ఒక వాక్యం ముద్రిస్తారు. పర్మిట్ చేతికి రాగానే ముందు ఆ వాక్యం ఉందో లేదో చూసుకోవాలి. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి రెండు వారాలకు 48 గంటలు. అమెరికాలో విద్యార్థి మొదటి ఏడాది యూనివర్సిటీ ఆవరణలోనే పని చేయాలి. తర్వాత బయట చేసే పనికి కూడా విడిగా అనుమతి ఉండాలి, సాధారణంగా అది చదువుకు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్లు చదివే కుర్రవాడు నర్సింగ్ హోంలో సహాయకుడిగా చేరతానంటే అక్కడ కుదరదు.

బ్రిటన్ గురించే ఇంకొక మాట చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు ఆ దేశం వీసా తలుపు తెరిచింది. చదువు పేరుతో వెళ్లి, తర్వాత ఆ వీసాలోకి మారి, కుటుంబాన్ని కూడా పిలిపించుకోవచ్చునని మన జిల్లాలో చాలామంది కదిలారు. 2024 జనవరి నుంచి ఎం.ఎస్‌సి. విద్యార్థులు భార్యను, భర్తను, పిల్లలను వెంట తీసుకుపోయే వీలు లేకుండా చేశారు. మార్చిలో కేర్ వర్కర్లకూ ఆ వీలు తీసేశారు. 2025 జూలై 22న విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఇప్పటికే ఆ దేశంలో ఉన్నవారు కొన్ని షరతులతో మారడానికి 2028 జూలై దాకా గడువు ప్రకటించారు. చదువు ముగిశాక రెండేళ్లు పని చేసుకునే వీసా ఉంది. ఎం.ఎస్‌సి. చదివినవారు 2027 జనవరి నుంచి దరఖాస్తు చేస్తే అది ఏడాదిన్నరే. ఆ వీసా మీద ఉన్నప్పుడు గంటల పరిమితి ఉండదు. నిజంగా కొంత మిగిలేది ఆ కాలంలోనే.

పాత నిబంధనలు చూపించి లక్షలు గుంజే ఏజెంట్లు ఇంకా ఉన్నారు. కేర్ ఉద్యోగానికి స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని డబ్బు కట్టించుకుని, తీరా అక్కడ పనే లేకుండా చేసిన ఉదంతాలు ఎన్నో. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు దాకా 470కి పైగా కేర్ సంస్థల లైసెన్సులను బ్రిటన్ ప్రభుత్వం రద్దు చేసింది. దాదాపు 39,000 మంది పనివాళ్ల బతుకులు ఆ సంస్థలతో ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఏజెంటు చూపించే కాగితాన్ని నమ్మవద్దు. ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో ఈ రోజు ఏమి రాసి ఉందో ఇంట్లో చదువుకున్న పిల్లల చేతనే చదివించుకోండి.

నర్సు చదివిన ఆడపిల్లలకు ఒక సూచన. జమ్మలమడుగు వాళ్లకు నర్సమ్మ విలువ వేరే చెప్పనక్కరలేదు. లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆస్పత్రి వందేళ్లకు పైగా ఆ ఊరి ప్రాణాలు కాపాడింది. పులివెందుల డాక్టరు వై.ఎస్. రాజశేఖర రెడ్డి కూడా తొలినాళ్లలో కొంతకాలం అక్కడే పని చేసి, తర్వాత 1973లో తండ్రి పేరిట తన ఊరిలో ఆస్పత్రి పెట్టారు. అలాంటి చోట బి.ఎస్‌సి. నర్సింగో, జి.ఎన్.ఎం.ఓ. చదివి, అనుభవం సంపాదించిన అమ్మాయి ఎం.బి.ఎ. వీసా మీద పోయి సహాయకురాలిగా చేరడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇంగ్లీషు పరీక్ష పాసై, కంప్యూటరు మీద రాసే నర్సింగ్ పరీక్ష మన దేశంలోనే రాసి, తర్వాత అక్కడ ప్రాక్టికల్ పరీక్ష పాసైతే బ్రిటన్‌లో రిజిస్టర్డ్ నర్సుగానే పని చేయవచ్చు. దారి పొడవైనదే. కానీ దాని కోసం వేరే చదువుకు ఫీజు కట్టనక్కరలేదు.

నమాజు, పరదా, తిండి

తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే. ఇంటర్వ్యూలోనే నోరు తెరిచి చెప్పడం మంచిది. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం మత విశ్వాసం కారణంగా వివక్ష చూపకుండా ఉద్యోగికి రక్షణ ఇస్తుంది. విరామ సమయంలో నమాజుకు చాలా చోట్ల అభ్యంతరం చెప్పరు. అంటురోగాల భయంతో మోచేతుల కింద బట్ట ఉండకూడదనే నియమం ఆస్పత్రుల్లో ఉంది. ముస్లిం సిబ్బంది కోసం ఒకసారి వాడి పారేసే చేతి తొడుగులను అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో అనుమతించింది. ఆడ రోగులకు ఆడవాళ్లే స్నానం చేయించాలని రోగులు కూడా కోరుకుంటారు కాబట్టి హోంలు వీలైనంత వరకు అలాగే పనులు పంచుతాయి. కానీ రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉన్నప్పుడు ఎప్పుడూ కుదరదు. పంది మాంసం ఉన్న పళ్లెం వృద్ధులకు అందించాల్సి రావచ్చు. ఇలాంటివి బయలుదేరక ముందే ఉలమాలను అడిగి, మనసు స్థిమితం చేసుకుని పోవాలి. అక్కడికి పోయాక ఏడ్చి లాభం లేదు.

ఆ సాయంత్రం తండ్రి నన్ను ఇంటికి తీసుకుపోయారు. కూతురికి వీడియో కాల్ కలిపారు. అక్కడ మధ్యాహ్నం. అమ్మాయి యూనిఫారంలో ఉంది. ఆస్పత్రి అని ఎందుకు చెప్పావని తండ్రి అడగలేదు. "బేటా, ఇంకో షిఫ్టు అడిగినారన్నావే, ఏం చెప్పినావు?" అన్నారు.

"వద్దని చెప్పినా అబ్బా. వాళ్లేం అనలేదు. మంగళవారం 8 గంటలది ఉండాది, శనివారం 12 గంటలది. అంతే" అంది. కాసేపాగి, "నగలు ఇప్పట్లో విడిపించలేను అబ్బా" అంది.

"నగల సంగతి నేను చూసుకుంటాలే. మదనపల్లె రోడ్డు దగ్గరి స్థలం ఉండాది కదా" అన్నారాయన. అంతవరకు ఆ స్థలం అమ్మే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదట. వంటింట్లో ఉన్న తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోను తీసుకుంది.

"నువ్వు చెప్పినావే, రాత్రంతా కొడుకును పిలుస్తాంటాదని, ఆ ముసలామె నిద్ర పోతాండాదా?"

"లేదమ్మీ. ఒక్కోసారి మూడైనా నిద్ర పట్టదు."

"పక్కన కూర్చోని అరికాళ్లకు నూనె రాయి. మా కువైట్ మామాకు అట్లనే నిద్ర పట్టేది. ముందు నర్సమ్మను అడుగు, నూనె రాయొచ్చో లేదో."